ఏడో తొట్టి

రాజన్న కుడిచేతి బొటనవేలి గోటితో రేకు మీద ఓ గీత గీశాడు. సన్నగా, తెల్లగా పడింది గీత. రేకును కిటికీ వెలుగుకు పట్టి ఓరగా తిప్పి చూశాడు. ఎక్కడా మెరుపు లేదు, మచ్చ లేదు. పలక రంగులో అంతటా ఒకే తీరుగా ఉంది. రేకు మెరిస్తే పూత పట్టలేదని అర్థం. వేలికి పొడి అంటితే అతిగా పట్టిందని. గోటి గీత తెల్లగా పడితే సరిగ్గా పట్టినట్టు. ఈ పరీక్ష ఏ పుస్తకంలో ఉందో అతనికి తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళుగా చేస్తున్నాడు. దీనికోసమే ఆ ఒక్క గోరు పెంచుతాడు. మిగిలిన తొమ్మిది గోళ్ళ సంగతి ఆమ్లమే చూసుకుంటుంది, కత్తిరించే పని పెట్టదు.

"రిటైరైననాడు ఆ గోరు తీసెయ్యాలె, ముందే చెప్తున్న. అన్నం కలుపుతుంటె చూడబుద్ధి కాదు నాకు" అంది పొద్దున టిఫిన్ డబ్బా చేతికిస్తూ భార్య రాహేలు.

ఆ రోజు ఇదే. మంగళవారం. చివరి రోజు గనక కిషన్‌బాగ్‌లో మొదటి బస్సెక్కాడు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి, కంచన్‌బాగ్ వెనక సందులోని షెడ్డుకు ఏడింటికల్లా చేరాడు. తలుపులు తీసి, ఐదో తొట్టి కింద మంట అంటించి, నీళ్ళు వేడెక్కగానే నమూనా రేకొకటి వరసగా ఏడు తొట్లలోనూ ముంచి తీశాడు. అదే ఇప్పుడు చేతిలో ఉంది. దాన్ని గోడకున్న మేకుకు తగిలించాడు. పనివాళ్ళు రావడానికి ఇంకా గంట ఉంది.

ఆ షెడ్డు ఒకప్పుడు బర్రెల కొట్టం. యజమాని లక్ష్మయ్యకు పాతిక బర్రెలుండేవి. కంచన్‌బాగ్ కాలనీల నిండా ఆయన పాలే తాగేవాళ్ళు. ఓ ఏడాది గాలికుంటు వ్యాధి వచ్చి సగం పోయాయి. మిగిలిన సగం ఒక్కొక్కటిగా అమ్మేస్తూ, చుట్టూ పుట్టుకొస్తున్న ఇనుప పనుల వర్క్‌షాపులను చూసి, ఈయన కూడా తొట్లు కట్టించాడు. బర్రెలను కట్టేసిన చోటే ఏడు తొట్లు వరసగా వెలిశాయి. ఆయన పోయాక కొడుకు గోవర్ధన్ నడుపుతున్నాడు. కాగితాల మీద అవి ట్యాంకులు. గోవర్ధన్ తల్లి సత్తెమ్మకు మాత్రం ఇప్పటికీ తొట్లే. ఆమె ఇల్లు షెడ్డుకు ఆనుకుని వెనకాలే ఉంటుంది. మధ్యలో తలుపు.

ఇనుప రేకు మీద రంగు వేస్తే సరిపోదు. రంగు కింద ఇనుము ఒట్టిగా ఉంటే ఆరు నెలల్లో తుప్పు తన్నుకొస్తుంది. అందుకే రంగుకు ముందు రేకు ఈ ఏడు తొట్లలో స్నానం చేయాలి. మొదటిది జిడ్డు వదిలించే సోడా తొట్టి. రెండు, నాలుగు, ఆరు, ఏడు నీళ్ళవి. మూడోదీ, ఐదోదీ మాత్రం ఆమ్లానివి. రెండింటిలోనూ ఒకటే ఆమ్లం, ఫాస్ఫారిక్.

రాజన్న ఈ పనిలో చేరిన కొత్తలో తుప్పు వదిలించడానికి హైడ్రోక్లోరిక్ వాడేవాళ్ళు. అది పొగలు కక్కే రకం. మూత తీస్తే ముక్కులో పొడిచేది, తుప్పుతోపాటు ఇనుమునూ కొరికేది. దాని పొగకు పక్క గదిలో గోడకు తగిలించిన ఇనుప పానాలకు కూడా తుప్పు పట్టేది. లక్ష్మయ్యతో నెల రోజులు పోట్లాడి దాన్ని మాన్పించింది రాజన్నే. ఫాస్ఫారిక్ నిదానస్తుడు. డ్రమ్ములో ఉన్నప్పుడు పాకంలా చిక్కగా, తేటగా ఉంటుంది. పొగ ఉండదు, వాసన ఉండదు. తుప్పును మెల్లగా కరిగిస్తుంది, ఇనుము జోలికి ఎక్కువగా పోదు. అలాగని చెయ్యి పెట్టి చూస్తానంటే తోలు ఊడదీస్తుంది.

అసలు మహత్తు ఐదో తొట్టిలో ఉంది. అక్కడ ఆమ్లంలో జింకు కలిపి ఉంటుంది. వేడి వేడి నీళ్ళలోకి రేకు దిగగానే ఆమ్లం ఇనుమును కాస్త కొరుకుతుంది. సన్నటి బుడగలు లేస్తాయి. కొరికిన చోట ఆమ్లం పులుపు తగ్గుతుంది. పులుపు తగ్గిన చోట, అప్పటిదాకా నీళ్ళలో కరిగి ఉన్న జింకు ఫాస్ఫేటు ఇక కరిగి ఉండలేక బూడిదరంగు పలుకులై ఇనుముకే అతుక్కుంటుంది. కొరికిన పంటితోనే మందు పూసే గుణం ఇంకే ఆమ్లానికి ఉందో రాజన్నకు తెలియదు. ఈ పూత పట్టిన రేకును రంగు మళ్ళీ వదలదు.

"ఇది లేని జాగ లేదు భాయ్" అని రంగు గదిలో పనిచేసే బాలరాజ్‌కు ఇరవై ఏళ్ళుగా చెప్పిందే చెబుతుంటాడు. "నువ్వు తాగే నల్ల కూల్‌డ్రింక్ల పులుపు ఇదే. పొలాలల్ల ఎరువు ఇదే. పండ్ల డాక్టర్ సిమెంట్ పట్టాలని పంటికి పూసేది ఇదే. మన బొక్కలల్ల ఉన్నది గూడ దీని సుట్టమే. బొక్కల ఉన్నది తీసి ఇనుముకు పూస్తున్నం, అంతే."

"అందుకేనా అన్నా, నీ పెయ్యి మీద బొక్కలు తప్ప ఏం కనవడవు" అంటాడు బాలరాజ్. ఇదీ ఇరవై ఏళ్ళ నాటి జవాబే.

మనిషి నిజంగానే బక్కపలుచన, ఎముకలు లెక్కపెట్టవచ్చు. చెంపలు లోపలికి పోయి ఉంటాయి. మోచేతుల దాకా చిన్న చిన్న తెల్లమచ్చలు, ఒక్కొక్కటీ ఒక్కో తుంపర గుర్తు. అరచేతులు మాత్రం వింతగా నున్నగా ఉంటాయి. గీతలు కూడా సరిగ్గా కనిపించవు.

ఈ ముప్ఫై నాలుగేళ్ళలో అతని తొట్లలో మునిగిన ఇనుము ఎంతో ఎవరూ తూచలేదు. బీరువాలు, బడి బల్లలు, ఆస్పత్రి మంచాలు, గేట్లు. పని బాగాలేదని ఒక్క సరుకూ వెనక్కి రాలేదు. గత రెండున్నర నెలల్లో మాత్రం మూడుసార్లు వచ్చింది.

అవి కరెంటు మీటర్ల డబ్బాలు. సముద్రం ఒడ్డు ఊళ్ళకు పోయేవి. షెడ్డుకు వచ్చిన ఆర్డర్లన్నిటిలోకీ పెద్దది. కొనే కంపెనీ వాళ్ళు ప్రతి లాట్‌లోంచి నాలుగు డబ్బాలు తీసి, రంగు మీద కత్తితో గాటు పెట్టి, ఉప్పునీటి తుంపరలో పది రోజులు ఉంచుతారు. గాటు పక్కన తుప్పు పాకకూడదు. మొదటి లాట్ ఎనిమిదో రోజున పొక్కింది. రెండోది ఐదో రోజున. మూడోది మూడో రోజుకే రంగు బొబ్బలెక్కి చేత్తో లాగితే ఊడి వచ్చింది. గోవర్ధన్ కొత్త డ్రమ్ములు తెప్పించాడు. థర్మామీటరు మార్చాడు. రంగు కంపెనీని మార్చాడు. ఏం మార్చినా తుప్పు ఇంకో రెండు మూడు రోజులు ముందే వచ్చింది. రాజన్న రోజూ గోటితో గీసి చూసేవాడు. రోజూ గీత తెల్లగానే పడేది. దాంతో అతనికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం మానేసింది.

పదింటికి, డబ్బాలు కొనే కంపెనీ నుంచి అఖిల వచ్చింది. ఇరవై ఏడేళ్ళుంటాయి. కెమిస్ట్రీ చదివింది. చేతిలో గాజుసీసాల పెట్టె, చంకలో ఫైలు. గోవర్ధన్ కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు. నేరుగా ఐదో తొట్టి దగ్గరికి వెళ్ళి ఆమ్లం కొంచెం తీసి, రంగు తేల్చే మందు చుక్క వేసి, సోడా ద్రావణం బొట్టు బొట్టుగా వదిలింది. గులాబీరంగు తిరిగేసరికి ఇరవై నాలుగు మిల్లీలీటర్లు.

"ట్వంటీ ఫోర్. పర్ఫెక్ట్" అంది.

"ఇరవై నాలుగే ఉంటదమ్మా" అన్నాడు రాజన్న. "పొద్దుగాల రేకు తీసి చూసిన."

అఖిల అతని గోరు వైపు చూసింది, నవ్వలేదు. వేడి చూసింది, సరిపోయింది. మూడో తొట్టి ఆమ్లం చూసింది, సరిపోయింది. సోడా తొట్టి కూడా సరిపోయింది. ఫైలులో వరసగా టిక్కులు పడ్డాయి. చివర రెండు గడులు ఖాళీగా మిగిలాయి. ఒకటి కారణం, రెండోది తీసుకున్న చర్య.

గోవర్ధన్ గొంతు సవరించుకుని, జేబులోంచి టైపు కొట్టిన కాగితం తీసి ఇచ్చాడు. అఖిల చదివి తలెత్తింది.

"కారణం ఆపరేటర్ నెగ్లిజెన్స్ అని రాశారు. చర్య, ఆపరేటర్‌ని తీసేశాం అని. అంటే ఈ అంకుల్‌నా?"

షెడ్డులో అందరూ చేస్తున్న పని ఆపారు. గోవర్ధన్ రాజన్న భుజం పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. పక్కకు అంటే రెండడుగులే, అంతా అందరికీ వినిపిస్తూనే ఉంది.

"గట్ల చూడకు రాజన్నా. నువ్వెట్లనో ఇయ్యాల రిటైర్ అవుతున్నవ్ గదా. నీకేం పోతది? అన్నీ కరెక్ట్ ఉన్నయి, ఇగ మనిషి మీద పెట్టకపోతే వాళ్ళు ఒప్పుకోరు. ఆర్డర్ పోతే పద్దెనిమిది మంది ఇంట్ల కూసుంటరు. రేపు సాయంత్రం నీకు సన్మానం గూడ పెడుత. ఫికర్ చెయ్యకు."

గోవర్ధన్ చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఈ తొట్ల అంచుల మీద నడిచి తన్నులు తిన్నవాడు, రాజన్న ఒడిలో కూర్చుని టిఫిన్ డబ్బాలో సగం లాగించినవాడు. అందుకే ఆ మాట మరీ లోతుగా దిగింది. నీకేం పోతది. రాజన్న దగ్గర ఇల్లు లేదు, అద్దె కొంప. బండి లేదు. పిల్లలు కలగలేదు. అతని వెనక ఉన్నదల్లా ఒకటే, వెనక్కి రాని సరుకు. ఇప్పుడు అదీ లేదని కాగితం మీద రాసి పంపుతారు. అతనికి ఏడుపొచ్చింది. అరవై ఏళ్ళ మనిషికి వచ్చిన ఏడుపు గనక ఐదో తొట్టి ఆవిరి వైపు మొహం తిప్పుకుని, కళ్ళు మండుతున్నట్టు తుడుచుకున్నాడు.

"సంతకం భోజనం తర్వాత పెడతాను" అంది అఖిల, ఫైలు మూస్తూ. ఆమెకూ ఆ కాగితం నచ్చలేదు. నచ్చలేదని చెప్పడానికి చేతిలో ఆధారం లేదు.

మధ్యాహ్నం రాజన్న డబ్బా విప్పలేదు. ఏడో తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా మేకుకు తగిలించిన పొద్దుటి రేకు పూర్తిగా ఆరింది. చూడకూడదనుకుంటూనే చూశాడు. పలక రంగు, గోటి గీత, అన్నీ బాగానే ఉన్నాయి. కింది అంచున మాత్రం నీటిబొట్లు జారి ఆగి ఆరినచోట, చిన్న చిన్న తెల్లటి అంచులు కట్టాయి.

నీళ్ళు ఆరితే మరక పడటం మామూలే. కానీ ఈ తెలుపు కాస్త ఎక్కువ. వేలితో అద్దాడు. సన్నగా గరగరలాడింది. ఆ వేలిని నాలుక మీద పెట్టుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసినవాడు చేయకూడని పనే. ఆమ్లం పులుపెలా ఉంటుందో తుంపరలు పెదాల మీద పడ్డ రోజుల నుంచీ అతనికి తెలుసు. ఇది పులుపు కాదు.

ఉప్పు.

రాజన్న లేచి నిలబడ్డాడు. ఆరో తొట్టిలోంచి తీసి, ఏడోదాంట్లో ఇంకా ముంచకుండా తీగకు వేలాడదీసిన రేకు అంచు వెతికి నాకాడు. చప్పగా ఉంది. రెండు తొట్లలోనూ ఉన్నవి ఒకే బోరు నీళ్ళు. మళ్ళీ ఏడో తొట్టి దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, అంచు వెంబడి కళ్ళు పెట్టి వెతికాడు. గోడవైపు మూలలో, ఎవరూ నిలబడని చోట రాళ్ళ ఉప్పు గడ్డలు రెండు. పక్కన ఓ ఎండుమిరపకాయ తొడిమ.

అతనికి అంతా ఒక్కసారిగా అర్థమైంది. నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం వేసింది.

ఏడో తొట్టి ఉన్న చోట ఒకప్పుడు బర్రెల కుడితి తొట్టి ఉండేది. తను పనిలో చేరిన కొత్తలో, ఆఖరి నాలుగు బర్రెలు ఇంకా ఉండగా, ప్రతి మంగళవారం పొద్దు పొడవకముందు సత్తెమ్మ పిడికిట్లో ఉప్పు పట్టుకుని వాటి చుట్టూ దిష్టి తీయడం చూశాడు. తీసిన ఉప్పును కుడితి తొట్టిలో వేసేది. ఉప్పు కరిగితే దిష్టీ కరుగుతుందని ఆమె నమ్మకం. బర్రెలు ఆ నీళ్ళు ఇష్టంగా తాగేవి. సోమవారం సాయంత్రం ఏడో తొట్టిని కడిగి కొత్త నీళ్ళు నింపేది రాజన్నే. మంగళవారం తెల్లారేసరికి ఆమె ఉప్పు వేస్తోందన్నమాట. వారమంతా ప్రతి రేకూ ఆ ఉప్పునీళ్ళలో ఆఖరి స్నానం చేసి, ఉప్పును ఒంటికి అంటించుకుని, పైన రంగు కప్పుకుని పోతోంది. ఆమ్లం తన పని తాను చేసింది. పాపం దానిది కాదు, తనదీ కాదు.

చెబితే తన పేరు నిలుస్తుంది. కొడుకు ముందు, పరాయిపిల్ల ముందు, పద్దెనిమిది మంది ముందు ఆ ముసలామె తల వంచుకోవాలి. గోవర్ధన్ కోపం మంచిది కాదు. తనకు పెళ్ళయిన కొత్తలో రాహేలు టైఫాయిడ్‌తో పడుకుంటే నలభై రోజులు గిన్నెలో పాలు పంపిన మనిషి సత్తెమ్మ. రాజన్న ఆ రెండు ఉప్పు గడ్డలనూ, తొడిమనూ ఏరి జేబులో వేసుకున్నాడు. తర్వాత అఖిల దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, అన్నీ చూసినవ్. ఏడోదాని నీళ్ళు చూడలే."

"అది నీళ్ళే కదా అంకుల్. చార్ట్‌లో టెస్టే లేదు."

"ఒక్కపాలి చూడమ్మా. పక్కన ఆరోది గూడ పెట్టుకోని చూడు."

అఖిల రెండు గాజుగొట్టాల్లో రెండు తొట్ల నీళ్ళు పట్టింది. ముందు నైట్రిక్ ఆమ్లం రెండేసి చుక్కలు వేసింది. తర్వాత గోధుమరంగు సీసా తీసి సిల్వర్ నైట్రేటు చుక్క ఆరో తొట్టి నీళ్ళలో వేసింది. కొద్దిగా మసకబారింది. బోరు నీళ్ళకు ఆ మాత్రం ఉంటుంది. అదే చుక్క ఏడో తొట్టి నీళ్ళలో పడగానే గొట్టం మొత్తం పాలలా తెల్లబడింది.

"ఓ మై గాడ్" అంది. మళ్ళీ పట్టింది, మళ్ళీ వేసింది. మళ్ళీ పాలే. చుట్టూ చేరిన వాళ్ళకు ఆమె గబగబా చెప్పింది. "ఉప్పు ఇది. రంగు కింద ఉప్పు ఉంటే గాలిలో తేమను రంగులోంచే లోపలికి లాక్కుంటుంది. అందుకే బొబ్బలు. మీ ఆమ్లం బాగుంది, పూత బాగుంది. ఆఖరి నీళ్ళు ముంచాయి."

బాలరాజ్ ఈల వేశాడు. గోవర్ధన్ మొహం ఎర్రబడింది.

"గా నీళ్ళల్లకు ఉప్పెట్ల వచ్చింది? ఎవడేసిండు? అక్కడ కూసోని తినేది ఎవడు? రాజన్నా, నీ ట్యాంక్ అది. చెప్పు."

వెనక తలుపు దగ్గర తెల్లచీర కొంగు కదలడం రాజన్న చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు. అఖిల కలం తీసి ఫైలు తెరిచింది.

"అంకుల్, ఉప్పు ఎలా వచ్చిందో రాయకపోతే ఇది మళ్ళీ ఆపరేటర్ మీదకే పోతుంది. మీకు తెలిస్తే చెప్పండి."

రాజన్న తన నున్నటి అరచేతులు చూసుకున్నాడు. "నా ట్యాంకే గదమ్మా. నేనే చూస్కోలే. గట్లనే రాసుకో."

"ఏం రాసుకుంటదిరా!"

సత్తెమ్మ గడప దాటి వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, నడుం వంగింది గానీ గొంతు వంగలేదు. నేరుగా కొడుకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"గాడెందుకు ఏస్తడు ఉప్పు? నేనేసిన. గంత పెద్ద ఆర్డర్ వచ్చె, గల్లీ గల్లీ కన్నుపడె. మంగళారం మంగళారం దిష్టి తీసిన. మొదలు ఒక పిడికెడే ఏసిన. మాల్ వాపస్ వచ్చేసరికి దిష్టి గట్టిగున్నదని రెండు పిడికిళ్ళు ఏసిన. మల్ల వచ్చె. నాలుగేసిన."

"అమ్మా!" అన్నాడు గోవర్ధన్.

"మోరీ నీళ్ళల్ల ఏస్తే అందరి కాళ్ళ కింద పడతది. ఎవలూ తొక్కని నీళ్ళు గదొక్కటే ఉన్నది. మా బర్రెలు తాగిన జాగనే గది." ఆమె రాజన్న వైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "నీకు చెప్దమనుకున్న రాజన్నా. నువ్వు చర్చికి పోతవ్ గదా, నీకు నచ్చదేమో అని చెప్పలే. నీ చేతి పని మీదనే కన్ను పడ్డదని నాకు మస్తు బాధయ్యింది."

ముందు నవ్వింది అఖిల. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత బాలరాజ్. తర్వాత షెడ్డంతా. "నాలుగు పిడికిళ్ళా!" అని గోవర్ధన్ తల పట్టుకున్నాడు, ఆ తల పట్టుకునే నవ్వాడు. సత్తెమ్మ అందరినీ చూసి, ఏం జరిగిందో పూర్తిగా తెలియకపోయినా, తనూ నవ్వింది. రాజన్న జేబులోంచి రెండు ఉప్పు గడ్డలు, తొడిమా తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"నీకు ముందే ఎరికేనారా?" అంది సత్తెమ్మ.

"ఇగ పోనీ అక్కా."

గోవర్ధన్ ఆ మాట విన్నాడు. టైపు కొట్టిన కాగితం అఖిల చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. అది సరిపోలేదనిపించి ఎనిమిది చేశాడు. రాజన్న కళ్ళలోకి చూడలేక, "తప్పయింది నాతోని" అని తొట్టితో అన్నట్టు అన్నాడు.

అఖిల కొత్త కాగితం మీద రాసి, అందరికీ వినిపించేలా తెలుగులో చదివింది. "కారణం, ఆఖరి కడుగు నీటిలో ఉప్పు. కనిపెట్టింది, ఆపరేటర్ రాజన్న. తీసుకున్న చర్య, ఇకమీదట చార్ట్‌లో ఏడో ట్యాంకు పరీక్ష చేర్చడమైనది." ముప్ఫై నాలుగేళ్ళలో అతని మాట ఏ కాగితం మీదికీ ఎక్కలేదు. ఆ ఒక్క రోజే రెండుసార్లు ఎక్కింది. రెండోది నిలిచింది.

ఆ మధ్యాహ్నం షెడ్డులో పని జాతరలా సాగింది. ఏడో తొట్టి నీళ్ళు వదిలేసి, లోపల దిగి రుద్ది, మూడుసార్లు కడిగి, బోరు తిప్పి నింపారు. అఖిల చుక్క వేసి చూసి బొటనవేలు ఎత్తింది. ఇరవై నాలుగు డబ్బాలు కొక్కేలకు ఎక్కాయి. అప్పుడు రాజన్న సత్తెమ్మ పెరట్లోకి వెళ్ళి, గోడ పక్కన బోర్లించి ఉన్న ఓ ఇనుప బకెట్టు తెచ్చాడు. బర్రెల కాలం నాటిది. తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి, ముట్టుకుంటే చేతికి ఎర్రపొడి అంటుతోంది.

"దీన్నేం జేస్తవ్ అన్నా, పాత సామానోనికి ఎయ్యి" అన్నాడు బాలరాజ్.

రాజన్న బకెట్టును సోడాలో ముంచాడు, కడిగాడు. మూడో తొట్టిలోకి దింపి పక్కన నిలబడ్డాడు. ఎర్ర తుప్పు మెల్లగా కదిలి పచ్చటి మేఘంలా నీళ్ళలోకి జారింది. మధ్యలో రెండుసార్లు పైకి తీసి కుంచెతో రుద్ది మళ్ళీ దింపాడు. నలభై నిమిషాలకు ఇనుము బయటపడింది. గుంటలు పడి ఉంది గానీ వెండిరంగులో శుభ్రంగా ఉంది. లక్ష్మయ్య ఉలితో చెక్కించుకున్న ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కనిపించింది. సత్తెమ్మ దాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఐదో తొట్టిలో బుడగలు లేచి, బకెట్టు పలకరంగు తిరిగింది. ఆరు, ఏడు. ఆరాక రాజన్న దాని అంచు మీద గోటితో గీత గీశాడు. తెల్లగా పడింది. ఆ గీత ఆఖరిది. తర్వాత బాలరాజ్ దాని లోపలా వెలుపలా బూడిదరంగు పొడి చల్లి, అది కరిగి రంగై అతుక్కునేలా వేడి గదిలోకి తోశాడు. ఐదున్నరకు డబ్బాలతోపాటు అదీ బయటికి వచ్చింది, కొత్త పెళ్ళికూతురిలా.

"అక్కా, ఇగ నుంచి దిష్టి ఉప్పు దీంట్ల" అన్నాడు రాజన్న, బకెట్టులో నీళ్ళు పోసి ఏడో తొట్టి పక్కన గోడకు ఆనించి పెడుతూ. "దీన్నెవలూ తొక్కరు."

రబ్బరు ఏప్రన్ విప్పి మేకుకు తగిలించాడు. చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. టిఫిన్ డబ్బా తీసుకున్నాడు. తినని అన్నం ఇంకా అందులోనే ఉంది, రాహేలు చేతిలో తిట్లు ఖాయం. గేటు దాకా అందరూ వచ్చారు. అక్కడ సత్తెమ్మ ఆపింది. పిడికిట్లో ఉప్పు పట్టుకుని, ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే రాజన్న చుట్టూ మూడుసార్లు తిప్పింది. అతను చేతులు కట్టుకుని, బడి పిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు. ఆమె వెనక్కి నడిచి వెళ్ళి ఆ ఉప్పును బకెట్టులో వేసింది. అప్పటికి రాజన్న సందు మలుపు తిరిగాడు.

ఆ రాత్రి రాహేలు గోరు తీసే కత్తెర పట్టుకుని వచ్చి కూర్చుంది. "పది రోజులు ఆగు" అన్నాడు.

పదకొండో రోజున అఖిల ఫోన్ చేసింది. "అంకుల్, టెన్ డేస్ అయిపోయాయి. గాటు పక్కన ఏమీ లేదు. ఒక్క చుక్క లేదు. ఇంకో పది రోజులు ఉంచుతామన్నారు మా సార్, ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి." రాజన్న ఫోన్ పెట్టేశాడు. కాసేపు గుమ్మంలో నిలబడి నవ్వుకున్నాడు, ఎదురింటివాళ్ళు చూస్తున్నారని కూడా అనుకోలేదు. తర్వాత లోపలికి వెళ్ళి, కుడిచెయ్యి భార్య ముందు చాపాడు.

వానాకాలం వచ్చి పోయింది. షెడ్డులో ఇప్పుడు ఆ తొట్లను బాలరాజ్ చూసుకుంటున్నాడు. ఏడో తొట్టి పక్కన, గోడకు ఆనించి, ఆ బకెట్టు అక్కడే ఉంది. నిన్నటి మంగళవారం ఉప్పు అడుగున ఇంకా పూర్తిగా కరగలేదు. అంచు చుట్టూ ఎక్కడా ఒక్క తుప్పు చుక్క లేదు.